అయ్యోరింట్లో పెళ్ళికి అయ్యోరు కావాల

మా నాయన సుదర్శనం ముప్పై ఆరేళ్ళుగా తిరుపతిలో పెళ్ళిళ్ళు చేయిస్తున్నాడు. నాకు పదిహేనేళ్ళు వచ్చినప్పటి నుంచి ఆయన ఫోను ఎత్తేది నేను, తేదీలు రాసేది నేను, బేరాలాడేది నేను. పగలంతా ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి రేటు చెప్పేటప్పుడు నా మొహంలో ఏ భావమూ కనపడదు. ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నదే నాయనకూ అమలు చేశాను. మూడు ప్యాకేజీలు పెట్టాను. నలభై ఐదు నిమిషాల పెళ్ళి పన్నెండు వేలు, గంటంపావు పెళ్ళి ఇరవై వేలు. ఇద్దరు సహాయకులు, మధ్యమధ్యలో తెలుగులో అర్థం చెప్పడం కలిపితే ముప్పై వేలు. అర్థం కావాలని అడిగేవాళ్ళు నూటికి ఇద్దరు. మిగతా తొంభై ఎనిమిది మందికి ఫోటోలు కావాలి, ఆ తర్వాత భోజనాల్లో ఆకు ముందు చోటు కావాలి.

నాయనకు ఊళ్ళో పేరొచ్చింది వేగం వల్లే. ముహూర్తాల రోజుల్లో ఒక మండపం నుంచి ఇంకో మండపానికి నా స్కూటీ వెనక కూర్చుని, పంచె మోకాళ్ళ పైకి లాక్కుని, దారిలోనే తర్వాతి పెళ్ళికి గొంతు సవరించుకుంటూ వచ్చేవాడు. ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గర మమ్మల్ని ఆపిన ట్రాఫిక్ పోలీసాయన నాయన్ని గుర్తుపట్టి, "అయ్యోరూ, నా పెండ్లి సేసింది మీరే. తాళి కట్టినట్టు ఫోటోలో ఉండాది గానీ నాకైతే గ్యాపకం లేదు," అన్నాడు. నాయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. పెళ్ళికూతురి తండ్రి కన్యాదానం దగ్గర ఏడిస్తే కూడా నాయన ఆగడు. ఆ ఏడుపు మీదుగానే మంత్రం చదువుకుంటూ పోతాడు.

అలాంటి ఇంట్లో, నా పెళ్ళికి పురోహితుడు దొరకలేదు.

నాయనే చేయించవచ్చు కదా అని మా ఆసుపత్రిలో అందరూ అడిగారు. కుదరదు. కన్యాదానం చేసే మనిషి పీట మీద కూర్చుని, పురోహితుడు చెప్పినట్టు చెప్పాలి. ఒకే మనిషి రెండు వైపులా కూర్చోలేడు. పైగా మా వైష్ణవుల ఇళ్ళల్లో ఒక వాడుక ఉంది. కన్యాదానం మొదలుకొని తాళి కట్టేదాకా పెళ్ళికూతురు తండ్రి ఒళ్ళో కూర్చుంటుంది. ఇరవై ఏడేళ్ళ మనిషి, అరవై నాలుగు కిలోల బరువుతో, ఆరువందల మంది ముందు, నాయన ఒళ్ళో. తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెళ్ళంటే అదే. చిన్నప్పుడు ముహూర్తాల నెలల్లో నాయన నేను నిద్రలేవక ముందే పోయి నేను నిద్రపోయాక వచ్చేవాడు. ఆయన ఒళ్ళో కూర్చున్న జ్ఞాపకం నాకు ఒక్కటీ లేదు. అందుకే నా పెళ్ళిలో నా కోరిక ఒక్కటే. మంత్రం ఎవరైనా చెప్పనీ, నేను మాత్రం నాయన ఒళ్ళో కూర్చోవాలి.

పెళ్ళికొడుకు హృషీకేశ్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేస్తాడు. నేనే చూసుకున్నాను. వాళ్ళూ మా శాఖవాళ్ళే కావడంతో పావుగంటలో రెండిళ్ళూ ఒప్పుకున్నాయి. కొంచెం గొడవ జరిగితే బాగుండేదని నాకు ఇప్పటికీ వెలితిగా ఉంటుంది.

ముహూర్తం మాఘమాసంలో ఒక శుక్రవారం, పొద్దున పది నలభై రెండు. ఆ రోజు తిరుపతిలో ఖాళీ మండపం లేదు, ఖాళీ లాడ్జి లేదు, ఖాళీ అయ్యవారు అసలే లేడు. తిరుచానూరు రోడ్డులో మండపం మాత్రం ఆరు నెలల ముందే పట్టాను. వంట, పూలు, సన్నాయి, వీడియో, అన్నిటికీ నా ఖర్చుల పట్టికలో అంకెలు నిండాయి. పౌరోహిత్యం అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉండి నన్ను చూస్తూ ఉండేది. ఆ గడి నలభై వేలు దాటకూడదని హద్దు పెట్టుకున్నాను.

నాయనతో కలిసి తిరిగే పురోహితులు ఊళ్ళో ఇరవై రెండు మంది ఉన్నారు. వాళ్ళల్లో ఒకరింట్లో పెళ్ళికి ఇంకొకరు డబ్బులు తీసుకోరు. అది వాళ్ళ మర్యాద. వినడానికి చవగ్గా ఉంది కదా. కానీ ఒకర్ని పిలిస్తే మిగతా ఇరవై ఒక్క మంది, "ఆయనకు వచ్చిందేంది, మాకు రానిదేంది," అంటారు. అలా అనకుండా ఉండాలంటే అందరికీ పట్టుపంచెలు, వెండి గ్లాసు పెట్టాలి. మనిషికి ఐదు వేలు. కూడి చూస్తే డబ్బులు తీసుకోని పురోహితుడికి లక్షా పది వేలు ఖర్చవుతుందని తేలింది. ఆ పట్టికను నాయనకు చూపించాను.

"వాళ్ళు నా మీద గౌరవంతో ఊరికే చేస్తారు మే," అన్నాడు నాయన.

"అంత గౌరవం మనకు గిట్టుబాటు కాదు నాయనా," అన్నాను.

సరే, బయటివాళ్ళను పిలుద్దామనుకున్నాం. బెంగళూరులో పెద్ద పెద్ద పెళ్ళిళ్ళు చేయించే ఒకాయన అతికష్టం మీద ఇంటికి వచ్చాడు. చెవి నుంచి నోటి దాకా వంగిన మైకు, చేతిలో మెరిసే ట్యాబు, వెనకాల రంగుల పుస్తకం పట్టుకున్న సహాయకుడు. తాళి కట్టేటప్పుడు పైనుంచి గులాబీ రేకులు పడే ఏర్పాటుతో కలిపి తొంభై వేలన్నాడు. నాయన ఆయన్ని పరీక్ష పెట్టే మేష్టరు లాగా కిందికీ మీదికీ చూసి, ఆశీర్వాద మంత్రాలు చూడకుండా చెప్పమన్నాడు. ఆయన ట్యాబు తెరిచాడు.

"ఆ పలకలో సార్జింగు అయిపోతే నా బిడ్డ పెండ్లి ఆగిపోతాదా అప్పా?" అన్నాడు నాయన.

ఆయన నొచ్చుకోకుండా, "మీ బడ్జెట్టెంతో చెప్పండి స్వామీ, చూద్దాం," అన్నాడు.

మా నాయన చేతులు జోడించి, కళ్ళు సగం మూసి, ఎంతో వినయంగా, "మీకు తోచినంత ఇయ్యండి సామీ, మనకేముండాది," అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ అలవాటు. డబ్బు మాట వినపడగానే నోట్లోంచి అదే వస్తుంది. బెంగళూరాయన సహాయకుడి వైపు చూశాడు, సహాయకుడు రంగుల పుస్తకం వైపు చూశాడు. నేను అమ్మతో మాట్లాడాల్సింది ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి పోయి, పప్పు డబ్బా పట్టుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాను.

ఆ తర్వాత ఇంకా ఆరుగురు వచ్చారు. ఒకాయనకు స్వరం లేదన్నాడు నాయన. ఒకాయనకు మరీ ఎక్కువ స్వరముంది, పాట కచేరీకి పోవాల్సిన మనిషన్నాడు. ఒకాయన చెప్పుల మీద చెప్పులు వదిలాడన్నాడు. నేను ప్రతిసారీ నవ్వుకుంటూనే ఉన్నాను. నెల తిరిగింది, గడి ఖాళీగానే ఉంది, అప్పుడు పెదనాయన వచ్చాడు.

పెదనాయన చిత్తూరులో లెక్కల మేష్టరుగా చేసి రిటైరయ్యాడు. కాఫీ తాగుతూ మా కష్టమంతా విని, గ్లాసు కింద పెట్టి, "దీనికి ఇంత తిరగాల్నా?" అన్నాడు. "కన్యాదానం నేను చేస్తా. పెదనాయన అంటే నాయన కాదా? తమ్ముడు ఎదురుగా కూర్చొని మంత్రం చెప్తాడు. ఎవురికీ కోపం రాదు. ఖర్చు సున్నా."

నేను నాయన మొహం చూశాను. భుజాలు దిగిపోయాయి, నుదురు సాఫీ అయింది. ఆయన ఈ మాట కోసమే నెల రోజులుగా కాచుకుని ఉన్నాడని అప్పుడర్థమైంది. స్వరం లేకపోవడం, చెప్పులు వదలడం, అన్నీ సాకులే. నాయనే లేచి వెళ్ళి పెన్ను తెచ్చి నా పట్టికలో ఖాళీ గడిలో గుండ్రంగా సున్నా పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది.

"నేను పెదనాయన ఒళ్ళో కూర్చోను," అన్నాను.

"నాకు మోకాలి నొప్పి మే," అన్నాడు నాయన. "నువ్వు కూడా రవ్వంత..." అని, రవ్వంత ఏమిటో చెప్పకుండా చెయ్యి ఊపాడు.

"రోజుకు మూడు పెండ్లిండ్లలో గంటేసి సేపు బాసింపట్టు వేసుకొని కూర్చునేటప్పుడు యాడికి పోయింది మోకాలి నొప్పి?"

నాయన వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం బాగానే వెలుగుతున్నా వత్తి సరిచేయడానికి లేచాడు. పెదనాయన ఇంకో కాఫీ అడిగాడు.

మా అమ్మ వకుళాదేవి ఇలాంటప్పుడు మాట్లాడదు. కాయలు తరగడానికి కూర్చుంటుంది, మనం వెళ్ళి పక్కన కూర్చుంటే చెప్తుంది. వెళ్ళి కూర్చున్నాను.

"ఆయనకు మోకాలి నొప్పి కాదు, భయం," అంది బెండకాయ తొడిమె తీస్తూ. "నాలుగువేల మంది తండ్రులను ఎదురుగ్గా కూర్చోబెట్టుకొని చూసినాడు. ఆ పీట మీద మనిషికి ఏమైతాదో ఆయనకు తెలిసినంత ఇంగెవురికీ తెలీదు. అంత బిరబిరా చేసేది కూడా అందుకేనేమో. మెల్లగా చేస్తే ఆయనే సూడాల్సి వస్తాది."

పన్నెండేళ్ళు నాయన పక్కనే తిరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు. నాయన మీద కోపం పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

"మరెట్లమ్మా?"

"మీ నాయన పరుగును ఆపగలిగినోడు ఒక్కడే ఉండె," అంది అమ్మ. "రామానుజ."

రామానుజ ఆరేళ్ళు నాయన దగ్గర శిష్యుడుగా ఉన్నాడు. గొంతు బాగుంటుంది, చదువు గట్టిది, ఒకటే లోపం, నత్త నయం. ప్రతి మాటా పెళ్ళికొడుకు చేత సరిగ్గా పలికించేదాకా ముందుకు పోడు. ఒక పెళ్ళిలో తండ్రి ఏడుస్తుంటే ఆయన ఏడవడం అయ్యేదాకా కూర్చుని, మంచినీళ్ళు తెప్పించి, "పర్వాలేదు, నిదానంగానే కానీండి," అన్నాడట. ఆ రోజు భోజనాల హాలు ఇంకో పెళ్ళివాళ్ళకు పోయింది. నాయన మండిపడి, "నీకు పెండ్లిండ్లు పనికిరావు, పో, బండ్లకు పూజ చేసుకో," అన్నాడు. గురువు మాట కదా అని రామానుజ మర్నాడే పోయి నిజంగానే బండ్లకు పూజలు చేసుకోవడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళయింది, కాణిపాకంలో ఇంకా అదే చేస్తున్నాడు.

ఆదివారం నేనూ హృషీకేశ్ బస్సెక్కి కాణిపాకం పోయాం. వెతికే పనే లేకపోయింది. బండ్లు ఆపే మైదానం అంచున తొమ్మిది కొత్త వాహనాలు వరుసగా నిలబడి హారన్లు కొడుతున్నాయి. వరుస మొదట్లో పూలదండ వేసిన ట్రాక్టరు, దాని ముందు నిలువు నామాలు పెట్టుకుని, బొద్దుగా, ప్రశాంతంగా రామానుజ. ట్రాక్టరు యజమాని మునివెంకటప్ప అనే రైతు, చేతిలో నిమ్మకాయలు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"బండి మన మాట వినాలని సామిని అడిగినాం," అంటున్నాడు రామానుజ. "మరి నువ్వు దానికి ఏం మాటిస్తావు?"

మునివెంకటప్ప బాగా ఆలోచించాడు. "టయానికి ఆయిలు మారుస్తా సామీ."

"తాగి ఎక్కనని కూడా సెప్పు."

వెనక నిలబడిన ఆయన భార్య, "అది రవ్వంత గెట్టిగా సెప్పమను సామీ," అంది. రామానుజ ఆయన చేత మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి వెనక కారువాళ్ళు కూడా హారన్లు ఆపి వింటున్నారు.

వరుస అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మమ్మల్ని చూసి రామానుజ ముందు నాయన ఆరోగ్యం అడిగాడు, తర్వాత అమ్మ గురించి అడిగాడు. వైష్ణవుడివై ఉండి వినాయకుడి దగ్గర ఎలా చేస్తున్నావన్నా అంటే, "మనకు వినాయకుడి బదులు విష్వక్సేనుడు ఉండాడు కదమ్మా, ఆయన్నే తలుచుకొని కానిస్తా ఉండా," అని నవ్వాడు. నేను వచ్చిన పని చెప్పాను. నాయన ఒళ్ళో కూర్చోవాలనుందని కూడా చెప్పాను. పరాయివాళ్ళతో చెప్పడానికి సిగ్గుపడే మాట, ఆయనతో చెప్పడానికి ఏమీ అనిపించలేదు.

రామానుజ చేతికంటిన పసుపు తుడుచుకుంటూ, "స్వామివారు ఎంత తీసుకుంటారిప్పుడు?" అన్నాడు.

"పెద్ద ప్యాకేజీ ముప్పై వేలు."

"అయితే నాకు ముప్పై ఒక్క వెయ్యి."

నేను తెల్లబోయాను. "శిష్యుడివి కదన్నా, ఊరికే చేస్తావనుకున్నా."

"ఊరికే చేస్తే ఆడ నేను శిష్యుణ్ణే. ఆయన మధ్యలో 'పోనీరా' అంటాడు, నేను పోనిస్తా. ఆయన కంటే వెయ్యి ఎక్కువ తీసుకుంటేనే ఆ పొద్దుకు నేను అయ్యోర్ని, ఆయన పెండ్లికూతురి నాయన." వేళ్ళు లెక్కపెడుతూ, "పొద్దున ఏడుకే మొదలుపెట్టాల. నాకు టయిం కావాల. ఆయన చేతికి వాచీ ఉండకూడదు," అన్నాడు.

"ఇరవై ఎనిమిదికి రారా?" అన్నాడు హృషీకేశ్. నేను కాలు తొక్కాను. బిల్లింగ్ కౌంటర్లో ఇన్నేళ్ళు కూర్చున్నాను, ఎదుటివాడు చెప్పిన రేటు కంటే ఎక్కువిచ్చేద్దామని అనిపించింది నాకు ఆ ఒక్కసారే. నా జీతంలోంచే అక్కడికక్కడ ఫోన్లో పదివేలు బయానా పంపాను.

నాయన ఒప్పుకుంటాడా అని బస్సులో తిరిగొచ్చేంతసేపూ హృషీకేశ్‌ను అడుగుతూనే ఉన్నాను. గడిలో సున్నా కొట్టేసి ముప్పై ఒక్క వెయ్యి రాసి ఆయన ముందు పెట్టాను. "డబ్బు నాది, పెండ్లి నాది," అన్నాను. నాయన చాలాసేపు ఆ అంకె చూసి, నేను అనుకోని విధంగా తల ఊపాడు.

"రామానుజేనా? మనోడే. కనుసైగ చేస్తే సాలు."

అంటే పీట మీద కూర్చుని పెళ్ళి తానే నడిపిస్తాడన్నమాట. ఆ రాత్రి ఫోన్లో రామానుజకు సైగలన్నీ నేర్పాడు. చెవి పట్టుకుంటే వేగం పెంచాలి. దగ్గితే ఆ భాగం వదిలేయాలి. ఉత్తరీయం సర్దుకుంటే సన్నాయి వాళ్ళకు చెప్పాలి. అవతల నుంచి రామానుజ ప్రతిదానికీ, "అట్లనే స్వామీ," అంటున్నాడు. నాకు నవ్వూ ఆగలేదు, భయమూ ఆగలేదు. ఒళ్ళో కూర్చోవడం దొరుకుతుంది సరే. కానీ నాయన అక్కడ కూడా నా నాయనగా ఉండకుండా తప్పించుకునే దారి చూసుకుంటున్నాడు.

పెళ్ళిరోజు ఏడింటికి మొదలైంది. ముందు వరుసలో ఇరవై రెండు మంది పురోహితులు వాళ్ళ వాళ్ళ పెళ్ళిళ్ళ మధ్యలో వచ్చి కూర్చుంటున్నారు, పోతున్నారు, మళ్ళీ వస్తున్నారు. సుదర్శనం పీట మీద కూర్చోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

రామానుజ నోరు తెరిచాడో లేదో నాయన, "అక్షతలు తీసుకోండి, మీ గోత్రం చెప్పండి," అన్నాడు.

"గోత్రం సెప్పాల్సింది మీరు స్వామీ," అన్నాడు రామానుజ.

ముందు వరుస ఘొల్లుమంది. నాయన సర్దుకుని గోత్రం చెప్పాడు. తర్వాత మంత్రానికి రామానుజ ఒక మాట చెప్తే ఈయన నాలుగు మాటలు చెప్పేశాడు. రామానుజ ఓపిగ్గా, "మళ్ళీ చెప్పండి, మధ్యలో రెండక్షరాలు మింగినారు," అన్నాడు. నాయన చెవి పట్టుకున్నాడు. రామానుజ చూశాడు, చూసి ఇంకా నిదానించాడు. నాయన దగ్గాడు. రామానుజ మంచినీళ్ళు తెప్పించాడు. నాయన ఉత్తరీయం సర్దుకుంటే, "ఫ్యాను ఇటు తిప్పండప్పా, స్వామివారికి ఉక్కగా ఉండాది," అన్నాడు. వీడియో అబ్బాయి నాయన ఉత్తరీయానికి మైకు తగిలించి ఉండడంతో ఆయన గొణిగే ప్రతి ముక్కా హాలంతా వినిపిస్తోంది. "వీడు నన్ను సంపేస్తాడు," అన్నది కూడా వినిపించింది.

మూడు గంటలు అలా గడిచాయి. నేను లోపల గదిలో కూర్చుని అంతా విని నవ్వినవ్వి పెట్టిన కాటుక రెండుసార్లు పోగొట్టుకున్నాను. పది దాటాక నన్ను తీసుకొచ్చారు. అప్పటికి ఇరవై రెండు మందీ తమ పెళ్ళిళ్ళను సహాయకులకు అప్పగించి ముందు వరుసలో చేరిపోయారు.

నాయన వడ్లు పరిచిన ఆసనం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆయన ఒళ్ళో కూర్చున్నాను. మోకాళ్ళకు భయపడి ముందు సగం బరువు నా కాళ్ళ మీదే ఉంచుకున్నాను, తర్వాత ఉంచుకోలేకపోయాను. ఎదురుగా హృషీకేశ్ చేతులు చాచాడు. అమ్మ ధార పోయడానికి చెంబు పట్టుకుంది.

రామానుజ మొదలుపెట్టాడు. మా ముత్తాత పేరు, తాత పేరు, నాయన పేరు. నాయన అప్పటిదాకా పరిగెత్తిన మనిషి, అక్కడికొచ్చేసరికి రామానుజ వెనకాలే నడవడం మొదలుపెట్టాడు. నా పేరు వచ్చింది. వేదిక అని చెప్పాడు. ఆ గొంతు నా వీపుకు ఆనుకుని ఉంది, కాబట్టి వినడం కంటే ముందే నాకు తెలిసింది. ఇక ఒక్క మాటే మిగిలింది, ప్రతిపాదయామి. అంటే ఇస్తున్నాను అని.

రామానుజ ఆ మాట చెప్పాడు. నాయన అనలేదు.

రామానుజ మళ్ళీ చెప్పలేదు, తొందరపెట్టలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు వరుసలో వాళ్ళు మాత్రం ఉండలేకపోయారు. ఎవరైనా ఆగితే అందించడమే వాళ్ళ వృత్తి. ఒకరు మొదలుపెట్టారో లేదో ఇరవై రెండు గొంతులూ కలిసి, "ప్రతిపాదయామి," అని నాయనకు అందించాయి. హాలంతా నవ్వింది. నాయన చెయ్యెత్తాడు.

"నాకు తెలుసులేప్పా," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. నాయన గడ్డం నా భుజం దగ్గరికి వచ్చింది. నాకొక్కదానికే వినపడాలని చాలా మెల్లగా అడిగాడు, కానీ మైకు ఉంది కదా, ఆరువందల మందికీ వినపడింది.

"వేదికా, ఇచ్చేదా?"

హృషీకేశ్ చేతులు జానెడు కిందికి దిగిపోయాయి. "మామా," అన్నాడు పాపం, రంగు మారిపోయి. అమ్మ చేతిలో చెంబు వంగబోయి ఆగింది.

నాలుగువేల పెళ్ళిళ్ళు చేయించిన మనిషి. ఒక్క పెళ్ళికూతురినీ ఎవరూ అడగని మాట, ఆయన పుస్తకంలో ఎక్కడా లేని మాట. పెళ్ళికొడుకు దగ్గర నుంచి పూలు, వీడియో దాకా అన్నీ నేనే తేల్చుకున్నాను, ఆసుపత్రి కౌంటర్లో ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబుంటుంది, దీనికి లేదు. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి ఒక వింత శబ్దం వచ్చింది. అది కూడా మైకులో పడింది. ఇన్నేళ్ళూ నాయన నాకు దొరకలేదని అనుకున్నాను, ఇప్పుడు నా చుట్టూ ఉన్నాడు, నేను సరే అంటే అయిపోతుంది.

"ఇయ్యి నాయనా," అన్నాను. "మెల్లగా ఇయ్యి."

నాయన ఆ మాటను ముక్కలు ముక్కలుగా, ఒక్కో అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. పది నలభై రెండు అయింది, నలభై మూడు కూడా అయింది. ఎదురుగా ఇరవై రెండు మంది పురోహితులున్నారు, ఒక్కరూ వాచీ చూసుకోలేదు.